అంకె లేని ఆధారం

కొందరు ముక్కుసూటి మనుషులు, కొందరు డొంకతిరుగుడు మనుషులు. మన చిక్కుముడి రెండో జాతి. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు లెండి. ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు కింద, కుడిచేతి మూల, చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చయ్యే పేరది. ఆ పేరు వెనక ఉన్న మనిషి ఒక లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ చేస్తాడన్న సంగతి పేపరువాళ్ళకీ, కట్టుకున్న భార్యకీ, తోడబుట్టిన అన్నకీ తప్ప నరమానవుడికి తెలియదు.

చిన్నప్పుడు "ఆకలేస్తోందా నాన్నా?" అని తల్లి అడిగితే, "వంటింట్లో గిన్నెలు ఇవాళ అలిగాయా?" అనేవాడట. అన్నం పెట్టమ్మా అంటే నోరేమైనా అరిగిపోతుందా? అరిగిపోదు. కానీ కొందరి నోట్లో మాట తిన్నగా బయలుదేరినా పెదవుల దాకా వచ్చేసరికి సందులోకి తిరిగిపోతుంది. అది వాళ్ళ తప్పు కాదు, అలాగని మంచి అలవాటూ కాదు.

పెళ్ళి కూడా అలాగే జరిగింది. వయసులో ఉండగా కారు నేర్చుకుందామని ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. అక్కడ నేర్పే అమ్మాయి మాటలన్నీ పొట్టివి: కుడి, ఎడమ, మెల్లగా, ఆపు. ఆ మాటల్లో దాపరికం లేకపోవడం ఇతనికి వింతగా ఉండేది. ఆఖరి పాఠం రోజు స్టీరింగు పట్టుకుని, రోడ్డు కేసి చూస్తూ, "పాలు పెరుగవ్వాలన్నా, మనిషి మనిషవ్వాలన్నా కావలసింది. రెండక్షరాలు," అన్నాడు. 'తోడు' అని ఆవిడ చెబుతుందని ఆశ.

"ముందు బ్రేకు మీద కాలు పెట్టండి," అంది ఆవిడ. కారు ఆగింది. "ఇప్పుడు చెప్పండి. నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నారా? అవునా, కాదా?"

"అవును."

"సరే. ఎడమ ఇండికేటర్ వెయ్యండి."

కారు నడపడం ఆయనకి ఇప్పటికీ రాదు. ఆవిడ మాత్రం వచ్చింది.

లాండ్రీలో ఆయన చోటు వెనక గదిలో. ముందు గదిలో గుండ్రటి గాజు తలుపుల యంత్రాలు వరసగా ఉంటాయి. గోడవారగా ఒక పొడుగాటి బల్ల, దాని మీద బట్టలు ఉతకడం అయ్యేదాకా కూర్చునే జనం. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, ఒక పల్చటి తెర మాత్రం ఉంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి గలేబులు గుట్టలుగా వస్తాయి. ఆవిరి ఇస్త్రీ పెట్టె మీట కాలితో నొక్కితే తెల్లటి పొగ గది నిండా లేస్తుంది. మధ్యాహ్నం పూట ఆ వెచ్చదనానికి ఆయన కళ్ళు సగం మూతపడేవి. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. తెర సందులోంచి యంత్రంలో తిరిగే చొక్కాలు కనిపించేవి, వాటి మధ్య అక్షరాలు తిరుగుతూ ఉండేవి. ఒక్కో అక్షరం పైకి లేచి, ఒక క్షణం గాజుకి అంటుకుని, మళ్ళీ నీళ్ళలోకి జారిపోయేది. వాటిలో రెండు ఒకదాన్నొకటి పట్టుకుని పైకొస్తే ఆ వారానికి ఒక మాట దొరికినట్టే.

'కలవరం' అలాగే దొరికింది. అంతసేపూ నిద్ర కళ్ళ ముందు కల, ఆ కల పక్కనే ఎక్కడినుంచో వచ్చి నిలబడిన వరం. రెండూ కలిస్తే కలవరం. మేలుకుని చీటీ వెనక రాసుకున్నాడు: నిద్రలో వచ్చేది, దేవుడిచ్చేది కలిస్తే కంగారే (4). గళ్ళనుడికట్టులో ఇలాంటి వాక్యాన్ని ఆధారం అంటారు. బ్రాకెట్లో అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది. జవాబుని అడ్డంగానో నిలువుగానో గళ్ళలో నింపాలి.

సోమవారం వచ్చిందంటే ముందు గదిలో బల్ల మీద ఇద్దరు తప్పకుండా ఉండేవారు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు. చెవి మీద పెన్ను పెట్టుకోవడం ఉద్యోగంతో పోలేదు. రెండో ఆవిడ నర్సమ్మ, వారానికి సరిపడా తెల్ల చీరలు సంచిలో వేసుకుని వచ్చేది. ఇద్దరూ నిన్నటి పేపరు మధ్యలో పరుచుకుని తలలు వంచేవాళ్ళు. తెర అవతల ఉన్న మనిషే చిక్కుముడి అని వాళ్ళకి తెలియదు.

"తీగ తిరగబడి మెడ మీదికెక్కిందట. రెండక్షరాలు. వీడి దుంపతెగ, తీగ మెడ మీదికెక్కడం ఏమిటమ్మా?"

"తీగంటే లత. తిరగెయ్యండి."

"తల! మెడ మీద తలే కదా ఉండేది!" అని కండక్టరు బల్ల చరిచేవాడు. "వీడికి బుద్ధి వంకరగా పెట్టి పుట్టించాడమ్మా దేవుడు."

తెర వెనక ఆవిరిలో ఒక మనిషి ముసిముసిగా నవ్వుకునేవాడు. తిట్లలో కొన్ని కడుపు నింపుతాయి.

ఈ విద్య ఆయనకి నేర్పింది అన్నయ్య. అన్నయ్య సర్వేయరు. జీవితమంతా నేల కొలిచిన మనిషి. అంగుళం తేడా వస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు. వర్షాకాలం సెలవుల్లో బయటికి పోనివ్వకపోతే, వరండా గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, కొన్నిటిని బొగ్గుతో నలుపు చేసేవాడు. తమ్ముణ్ణి ఒక గడిలో నిలబెట్టి, తను మరో గడిలో నిలబడి, "నువ్వు 'ల', నేను 'త'. ఎటునుంచి చదివితే ఏమవుతాం?" అని అడిగేవాడు. వాన జల్లు వరండాలోకి కొట్టి అంచు గళ్ళు చెరిగిపోయేవి. అన్నయ్య విసుక్కోకుండా మళ్ళీ గీసేవాడు. ఆ వరండా ఇప్పటికీ చిక్కుముడి కలలోకి వస్తుంది. అందులో వాన ఆగదు, గళ్ళు చెరగవు.

అన్నయ్య పెట్టిన నియమం ఒకటే: "ఆధారం సగం తిన్నగా ఉండాలి, సగం వంకరగా ఉండాలి. ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు. దారి తప్పించు, ఫరవాలేదు. మోసం మాత్రం చెయ్యకు."

అన్నయ్యకి పెళ్ళయి వదిన వచ్చింది. వదినకి గళ్ళంటే ఏమిటో తెలియదు, నేర్చుకోవాలన్న పట్టుదలా లేదు. కానీ ఆధారం వినడమంటే సరదా. కూరగాయలు తరుగుతూ, "చెప్పండి, చెప్పండి," అనేది. "తీగ తిరగబడి మెడ మీదికెక్కింది" పుట్టింది ఆ వంటింటి గడప దగ్గరే. వదిన కత్తిపీట మీంచి తలెత్తి, "హారం!" అంది. "బంగారు తీగని తిప్పి తిప్పి చేస్తారుగా. మెడ మీదేగా ఉంటుంది. రెండక్షరాలేగా."

"తప్పు," అన్నాడు అన్నయ్య.

"రైటు కన్నా బాగుంది వదినా," అన్నాడు చిక్కుముడి. మనసులో మాట ఆయన తిన్నగా చెప్పిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

అప్పటినుంచి ఆ ఇంట్లో తప్పైనా అందంగా ఉన్న ప్రతి దాన్నీ 'వదిన జవాబు' అనడం అలవాటైంది. బస్సు తప్పిపోయి నడిచి వస్తుంటే దారిలో వెన్నెల కనిపిస్తే, అదీ వదిన జవాబే. ఆదివారం సాయంత్రాలు నలుగురూ ఒకచోట చేరేవాళ్ళు. అన్నదమ్ములు మాటలు విప్పుకుంటూ, వదిన తప్పులు చెబుతూ. చిక్కుముడి భార్య ఒక్కతే, "మీ ముగ్గురిలో ఎవరికైనా టీ కావాలా? ఆధారం వద్దు, అవునో కాదో చెప్పండి," అనేది.

వదిన ఒక వసంతం మొదట్లో పోయింది. జబ్బు పడిందని తెలియడానికీ పోవడానికీ మధ్య ఒకరినొకరు పలకరించుకునే వ్యవధి కూడా లేదు. ఆ రోజు ఇల్లంతా జనం. వచ్చినవాళ్ళంతా అన్నయ్య చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి అన్నారు. ఏమంటారు, అందరూ అనేదే అన్నారు. చిక్కుముడి మాత్రం కుర్చీలు జరిపాడు. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి. గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది, అది బయటికి రాదు, లోపలికి పోదు. అన్నయ్య రెండుసార్లు తమ్ముడి వైపు చూశాడు. రెండుసార్లూ తమ్ముడు కుర్చీ ఎత్తుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం పేపర్లో పద్నాలుగు అడ్డం ఇలా వచ్చింది: వసంతం మొదలైన రోజు వెళ్ళిపోయింది, అన్నయ్య తోడు (3).

వసంతం మొదలు 'వ'. రోజంటే 'దిన'. కలిపితే వదిన. ఆయన తనకి చేతనైన భాషలో ఏడ్చాడు, అంతే. కానీ ఏడుపుని గళ్ళలో పెట్టి ఊరందరికీ పంచితే, తోడు పోయిన మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించలేదు. సోమవారం సాయంత్రం వెళ్ళి తలుపు తడితే అన్నయ్య తలుపు సగమే తెరిచాడు.

"నా భార్య చావు నీకు పద్నాలుగు అడ్డమా?"

తలుపు మూసుకుంది.

అక్కడితో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. ఏళ్ళు గడిచాయి. రెండిళ్ళూ ఒకే ఊళ్ళో ఉన్నాయి, నడుమ రెండు బస్సుల దూరం. చిక్కుముడి భార్య ఎన్నోసార్లు పోరింది. "వెళ్ళి, అన్నయ్యా తప్పయిపోయింది అనండి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెస్తున్నారు." ఆయన బస్టాపు దాకా వెళ్ళి, వెళ్ళాల్సిన బస్సుని చూసి, చెయ్యెత్తకుండా తిరిగొచ్చేవాడు.

అయితే తెగిపోలేదు ఒక్క పోగు. పేపరువాళ్ళు ప్రతి వారం సరైన జవాబులు పంపినవాళ్ళ పేర్లు వేసేవారు. అందులో అన్నయ్య పేరు ఏ వారమూ తప్పలేదు. ఆ పేరు కోసం చిక్కుముడి ఆదివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడేవాడు. పేరుందంటే అన్నయ్య బాగున్నాడని, చూపు ఆనుతోందని, కోపం ఉన్నా తన మాటల మధ్య కూర్చుంటున్నాడని. ఆయన కూడా ఏదో ఒక మూల వరండా, సుద్దముక్క, వానజల్లు లాంటి మాట ఒకటి దూర్చేవాడు. అన్నయ్య వాటిని విప్పి, సరిగ్గా నింపి, పంపేసేవాడు. అంతకు మించి ఉలుకూ పలుకూ లేదు.

అలాంటిది, ఒకరోజు పేపరాఫీసు నుంచి ఆ పేజీ చూసే అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, చెప్పడానికి బాధగా ఉంది. పేజీలు తగ్గిస్తున్నారు. వచ్చే ఆదివారంది ఆఖరు గళ్ళనుడికట్టు."

"ఓహో," అన్నాడు చిక్కుముడి. ఫోన్ పెట్టేశాక ఆవిరి పెట్టె నొక్కడం మరిచిపోయి దాని పక్కన అలాగే నిలబడ్డాడు. పేరు పోతుందని కాదు ఆయన బెంగ. వచ్చే ఆదివారం తర్వాత అన్నయ్య ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క పోగూ తెగితే ఇక ఈ జన్మకి మాటలుండవు.

ఆ వారమంతా ఆయన నిద్రలో నడిచినట్టు తిరిగాడు. చివరిసారిగా అన్నయ్యకి ఏదో చెప్పాలి. మధ్యాహ్నం కళ్ళు మూతపడగానే వరండా వచ్చేది. నల్ల గడిలో వదిన నిలబడి, "ఇక్కడ నిలబడితే ఏ మాటా రాదా?" అని అడిగేది. రాదు వదినా, నల్ల గడి ఖాళీది, అని చెబుదామంటే నోరు పెగిలేది కాదు. వదిన నవ్వుతూ పక్క గడిలోకి జరిగేది. అది తెల్లగడి. అందులో వాన పడుతుండేది.

మెలకువలో ఆధారాలు రాసి చూశాడు. క్షమించమనడానికి ఒకటి, రమ్మనడానికి ఒకటి. కెరటానికి కడలి మొదలు తోడైతే మూతి ముడవడమే (3). అల, క. అలక. బాగానే ఉంది. చదువుకుంటే తనకే సిగ్గేసింది. అన్నయ్య మనసుని ఇంకోసారి ముక్కలు చేసి గళ్ళలో పేర్చినట్టుంది. చించేశాడు. ఇంకొకటి రాశాడు, అదీ చించేశాడు. మిగతా అడ్డాలూ నిలువులూ అన్నీ పూర్తయ్యాయి, పద్నాలుగు అడ్డం ఒక్కటి మిగిలింది. అయిదు గళ్ళు. నిలువుల్లోంచి వచ్చిన అక్షరాలు మొదటి గడిలో 'టు', మూడో గడిలో 'మ', అయిదో గడిలో 'ళి' పడ్డాయి. అలా మొదలై అలా ముగిసే మాట భూప్రపంచంలో లేదు. నిలువులు మార్చుకోవచ్చు. ఆయన మార్చలేదు.

భార్య పక్కన కూర్చుని కారు తాళాలు తుడుస్తోంది. "ఏం రాయాలనుకుంటున్నారు అసలు?" అంది.

"అన్నయ్యని రమ్మని."

"అయితే అదే రాయండి."

ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత రాశాడు: అన్నయ్యా, నాకు వదిన గుర్తొస్తోంది, నువ్వూ గుర్తొస్తున్నావు, ఇంటికి రా.

రాసేటప్పుడు చెయ్యి మాటమాటకీ ఆగింది. ఇన్నేళ్ళలో ఎంతో కష్టమైన మాటల్ని నవ్వుతూ వంచిన చెయ్యి అది.

పేజీ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "సార్, పద్నాలుగు అడ్డానికి బ్రాకెట్లో అంకె లేదు. మర్చిపోయారా?"

"లేదమ్మా. అలాగే వెయ్యండి."

ఆదివారం అచ్చయింది. ఆయన ఇంట్లోంచి కదల్లేదు. వీధిలో బస్సు ఆగిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎవరెవరో దిగడం చూసి వచ్చాడు. సాయంత్రమైంది. ఎవరూ రాలేదు.

సోమవారం లాండ్రీకి వెళ్ళాడు. బల్ల మీద కండక్టరు, నర్సమ్మ అప్పటికే కుస్తీ పడుతున్నారు.

"ఆఖర్రోజున ఎంత దెబ్బ కొట్టాడమ్మా వీడు! అంకె కూడా ఇవ్వలేదు. 'అన్నయ్యా' అంటే పెద్దవాడు. పెద్దవాడంటే అగ్రజుడు. అంటే 'అ' ఉండాలి."

"'అ' ఎక్కడుంది? మొదటిది 'టు'. నిలువులో కాటుక వచ్చిందిగా," అంది నర్సమ్మ. "నా అనుమానం 'గుర్తు' మీద. రెండుసార్లు వాడాడు చూడండి. చిక్కుముడి ఊరికే రెండుసార్లు వాడే మనిషా?"

"'ఇంటికి రా' అంటే ఇంటి చివర 'రా' తగిలించమని. ఇల్లంటే గృహం. గృహంరా?"

"ఏం బాగుందీ! సదనంరా, భవనంరా అని కూడా తగిలించండి."

"పోనీ వదినని తిరగేస్తే? నదివ. అదేదో నదిలా ఉంది."

చిక్కుముడి తెర వెనక నిలబడి విన్నాడు. ఎన్నేళ్ళుగానో ఇలా వింటున్నాడు, ఎప్పుడూ నవ్వొచ్చేది. ఈసారి ఒక్కో మాటా కోస్తుంటే తన ఒంట్లోంచి కోస్తున్నట్టుంది. ఆయన మొదటిసారి నిజం చెప్పాడు, దాన్ని ఎవరూ నిజమనుకోవడం లేదు. తప్పు వాళ్ళది కాదు. మాటలకి వెనక తలుపు ఉంటుందని ఇన్నేళ్ళూ వాళ్ళకి నేర్పింది తనే. వీళ్ళకంటే మునుపు, వీళ్ళకంటే గట్టిగా నేర్చుకున్నవాడు అన్నయ్య. అన్నయ్య కూడా ఇప్పుడు ఎక్కడో కూర్చుని, వదినని తిరగేసి చూస్తూ ఉంటాడు. ఆ ఆలోచన రాగానే ఆయన దుప్పట్ల గుట్ట మీద కూలబడ్డాడు.

అప్పుడే భార్య వచ్చింది, మధ్యాహ్నం డబ్బా ఇవ్వడానికి. బల్ల దగ్గర ఆగి, "ఏమిటండీ అంత జగడం?" అంది.

కండక్టరు చదివి వినిపించాడు.

"ఎవరో వాళ్ళన్నయ్యని ఇంటికి పిలుస్తున్నారు," అంది ఆవిడ. "అంతేగా."

ఇద్దరూ గలగలా నవ్వారు. "మీకు తెలీదులేమ్మా," అన్నాడు కండక్టరు జాలిగా. "చిక్కుముడి పుట్టి బుద్ధెరిగి ఒక్క మాట తిన్నగా చెప్పలేదు."

ఆవిడ తెర కేసి చూసింది. లోపలికి వచ్చి, ఆయన పక్కన దుప్పట్ల మీద కూర్చుని, డబ్బా మూత తీసి చేతికిచ్చింది.

బుధవారం లాండ్రీకి సెలవు. వంట గదిలో పని అవుతోంది. ముందు గదిలో వాలుకుర్చీలో ఆయనకి కునుకు పట్టింది. వరండా వచ్చింది. గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. అవతలి చివర ఎవరో సుద్దముక్కతో టక్ టక్ మని నేల మీద కొడుతున్నారు. మళ్ళీ గీస్తున్నాడు అన్నయ్య, అనుకున్నాడు. టక్ టక్. కళ్ళు తెరిచాడు. ఆ చప్పుడు తలుపుది.

తలుపు తీస్తే అన్నయ్య. జుట్టంతా తెల్లబడింది, మనిషి ఒంగాడు, చంకలో గొడుగు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన పేపరు.

"పద్నాలుగు అడ్డం తప్పు," అన్నాడు అన్నయ్య.

ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట అది. చిక్కుముడి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "లోపలికి రా అన్నయ్యా," అన్నాడు. ఆ మాట తిన్నగానే వచ్చింది.

"ముందు దీని సంగతి తేల్చు. అంకె ఏది? నన్ను గళ్ళు లెక్కపెట్టుకోమనా? సగం తిన్నగా సగం వంకరగా అని నేర్పానా లేదా? ఇందులో వంకర ఎక్కడుంది?"

"లేదన్నయ్యా."

"నిలువులన్నీ నింపితే 'టు', 'మ', 'ళి'. అదేం మాట?"

"ఏ మాటా కాదు."

"మాట కానప్పుడు గళ్ళెందుకు?" అంటూనే లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కోపంగానే కూర్చున్నాడు, కానీ గొడుగు గోడకి ఆనించాడు. వంటింటి గడపలో నిలబడ్డ మరదలిని చూసి, "చూడమ్మాయ్, మీ ఆయన చేసిన పని," అని ఫిర్యాదు చేశాడు. "ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. కోశాను, తిరగేశాను, కలిపాను, విడదీశాను. కాఫీ చల్లారిపోయింది, అన్నం చల్లారిపోయింది. సోమవారమూ అదే పని. ఎక్కడా వంకర దొరకదే! నిన్న చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అనుమానమొచ్చింది. ఈ వెధవ ఒకవేళ నిజంగానే పిలుస్తున్నాడేమోనని."

"నిజంగానే పిలిచారు బావగారూ," అంది ఆవిడ.

అన్నయ్య మడత పేపరుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు పద్నాలుగు అడ్డం కూడా తప్పేరా," అన్నాడు. "వసంతం మొదలు, రోజు, అన్నయ్య తోడు. వీటితో జవాబు వచ్చేసింది. 'వెళ్ళిపోయింది' అన్న మాట దేనికీ పనికిరాలేదు. ఎన్నిసార్లు చూశానో. ఒక మాట ఎక్కువైంది. నీకు తెలుసు కదా, మరి ఎందుకు పెట్టావు?"

"తీసేద్దామని చూశాను. తీయలేకపోయాను."

"ఆ ఒక్క మాట నా దగ్గరికొచ్చి చెప్పి ఉంటే సరిపోయేది కదరా. కుర్చీలు మోస్తూ తిరిగావు."

చిక్కుముడి ఎదురుగా వాలుకుర్చీలో కూర్చుని తల వంచుకున్నాడు. అన్నయ్య పేపరు మడత విప్పి ఆయన ఒళ్ళో పెట్టాడు. గళ్ళన్నీ సర్వేయరు చేతిరాతతో, కొలిచి రాసినట్టు నిండి ఉన్నాయి. పద్నాలుగు అడ్డంలో మాత్రం మూడు అక్షరాలు కొట్టేసి, వాటి మీద మళ్ళీ రాసినట్టుంది. అయిదు గళ్ళు: వ, స్తు, న్నా, ను, రా.

"నిలువులన్నీ చెడిపోయాయి అన్నయ్యా," అన్నాడు చిక్కుముడి.

"చెడిపోయాయి. కాటుక 'కావక' అయింది, సమయం 'సన్నాయం' అయింది, రవళి 'రవరా' అయింది. చెడిపోనీ. మీ వదినైతే ఏం రాసేదో అది రాశాను."

"ఇలాగే పంపావా?"

"ఇంకో కాగితం మీద ఎక్కించి, వచ్చేదారిలో పోస్టులో వేశాను. ఈసారి సరైనవాళ్ళలో నా పేరుండదు."

చిక్కుముడికి అక్షరాలు అలుక్కుపోయాయి. గొంతులో అన్నేళ్ళుగా అడ్డం పడి ఉన్నది కదిలింది. ఆయన కుర్చీలోంచి లేచి, ఏ కుర్చీనీ జరపకుండా, అన్నయ్య ముందు నేల మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వదిన పోయింది అన్నయ్యా," అన్నాడు.

"పోయిందిరా," అన్నాడు అన్నయ్య.